గోలా, కంపూ, పాటా: జెబ్దా నడిచిన దారి

తిట్టిన తిట్టునే పేరుగా పెట్టుకుని ఎదురు నిలబడటం అవమానాలు పడ్డ జనాలందరికీ తెలిసిన పనే. అమెరికాలో నల్లవాళ్లు 'నలుపు' అన్న మాటని అట్లాగే గర్వంగా చేసుకున్నారు. నలిగిపోయినవాళ్లు అనే అర్థమున్న 'దళిత' అన్న మాట మన దగ్గర తలెత్తుకునే పేరయింది. అయితే ఆ తర్వాత ఏమవుతుంది? తిట్లు తిన్నవాళ్ల పాటకి తిట్టినవాళ్లే చిందులేసినప్పుడు దాన్ని గెలుపనాలా, ఓటమనాలా? మన సాంస్కృతికోద్యమంలో పాట ఎట్లా పుట్టిందన్న చర్చ చాలా జరిగింది. పాట అందరిదీ అయిపోయాక దానికేం జరుగుతుందన్న చర్చ తక్కువ.

ఆ చర్చకి పనికొచ్చే అనుభవం ఒకటి ఫ్రాన్సులో ఉంది. దక్షిణాది నగరం తులూజ్‌లో 1985లో మొదలై, రెగే, పంక్, ర్యాప్‌లని ఒకే దరువులోకి తెచ్చిన 'జెబ్దా' బృందం అనుభవం అది. ఫ్రెంచి సమాజం జెబ్దా దరువుని తీసుకుంది, అందులోని ఫిర్యాదుని వదిలేసింది. ఆ బృందం కూడా ఈ సంగతి గమనించి పాట దాటి వెళ్లాలని చూసింది. ఎంతవరకు వెళ్లగలిగింది, ఎక్కడ ఆగింది అన్నదే ఈ వ్యాసంలో చూడదల్చుకున్న విషయం.

పేరు వెనక

ఫ్రెంచి సైన్యం దిగిన 1830 నుంచి స్వాతంత్ర్యం వచ్చిన 1962 దాకా అల్జీరియా ఫ్రాన్సు ఏలుబడిలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సుకి రోడ్లెయ్యటానికి, ఇళ్లు కట్టటానికి, కార్ల ఫ్యాక్టరీల్లో చవగ్గా పనిచెయ్యటానికి మనుషులు కావాల్సొచ్చారు. అల్జీరియా నుంచి, అందులోనూ కబీలీ కొండ ప్రాంతం నుంచి లక్షల మంది వెళ్లారు. చాలామందికి నగరాల అంచుల్లో కట్టిన కాలనీలే ఇళ్లయ్యాయి. వాళ్ల పిల్లలు ఫ్రెంచి బడిలో చదివారు, ఫ్రెంచి మాట్లాడారు. అయినా వీధిలోకొస్తే 'అరబ్బులే'. నిజానికి కబీలీలు అరబ్బులు కారు, వాళ్ల భాష వేరు. ఆ తేడా కనుక్కునే ఓపిక పోలీసుకీ లేదు, ఇల్లు అద్దెకిచ్చేవాడికీ లేదు.

శివారు కాలనీల కుర్రాళ్లు మాటల్లో అక్షరాలని తిరగేసి మాట్లాడుకునే యాస ఒకటుంది. ఆ యాసలో 'అరబ్' అన్న మాట తిరగబడి 'బ్యోర్' అయింది. ఫ్రెంచిలో వెన్నని కూడా పలకటంలో 'బ్యోర్' అనే అంటారు. అరబ్బీలో వెన్నకి మాట 'జెబ్దా'. అంటే ఫ్రెంచివాళ్లు వాడుతున్న పేరుని మళ్లీ అరబ్బీలోకి లాక్కొచ్చి పెట్టుకున్న పేరది. ఆ నవ్వులో ఒక ముల్లు ఉంది.

ముల్లు ఎందుకో తెలియాలంటే 1983 చూడాలి. జాతి హత్యలకీ పోలీసుల దౌర్జన్యానికీ నిరసనగా ఆ ఏడు అక్టోబరు 15న మార్సెయ్ నుంచి కొద్దిమంది నడక మొదలెట్టారు. డిసెంబరు 3న పారిస్ చేరేసరికి లక్షమంది పైగా కలిశారు. నడిచినవాళ్లు తమ నడకకి పెట్టుకున్న పేరు 'సమానత్వం కోసం, జాతి వివక్షకి వ్యతిరేకంగా'. పత్రికలు దానికి 'బ్యోర్ల నడక' అని పేరు పెట్టాయి. సమానత్వం అనే డిమాండు పేరులోంచి ఎగిరిపోయింది, నడిచినవాళ్ల పుట్టుక మాత్రం మిగిలింది. మనం హక్కు అడిగితే వాళ్లు మన కులాన్ని చూపిస్తారు. ఈ కిటుకు మనకి చెప్పనక్కర్లేదు.

ఆ వేడిలోనే తులూజ్ ఉత్తరాది పేటల్లో ఒక స్థానిక సంఘం కుర్రాళ్లతో వీడియో సినిమాలు తీయించింది. ఒక సినిమాలో కథ కోసం కల్పించిన పాటల బృందం తర్వాత నిజం బృందమయింది. మజీద్ షెర్ఫీ మాటలు రాసేవాడు, పాడేవాడు. మూస్, హకీమ్ అమోక్రాన్ అనే అన్నదమ్ములు అతనితో కలిసి పాడేవాళ్లు. ముగ్గురివీ కబీలీ కుటుంబాలే. బాస్ గిటారు జోయెల్ సొరాన్, గిటారు పాస్కల్ కబేరో, డ్రమ్స్ వాన్సాన్ సొవాజ్, కీబోర్డు, అకార్డియన్ రెమి సాంచెజ్. ఈ నలుగురూ అల్జీరియా సంతతి కారు. మొదటి ఆల్బం 1992లో వచ్చింది.

మూడు దరువులు ఎందుకు కలిశాయి

రెగే 1960ల చివర్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో పుట్టింది. బానిసలుగా తెచ్చినవాళ్ల వారసుల పాట అది. ర్యాప్ 1970ల్లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్ల, లాటినో కుర్రాళ్ల మధ్య పుట్టింది. పంక్ 1970ల మధ్యలో లండన్‌లో పనుల్లేని తెల్ల కుర్రాళ్ల కోపంతో ఊపందుకుంది. ఈ మూడింటిని కలిపింది ఏ సంగీత పండితుడూ కాదు, అద్దె ఇళ్లు. లండన్‌లో కరీబియన్ వలస కుటుంబాలూ పేద తెల్లవాళ్లూ పక్కపక్క వీధుల్లో ఉండబట్టే 1977లో క్లాష్ అనే పంక్ బృందం జమైకా గాయకుడు జూనియర్ మర్విన్ పాటని తన మొదటి ఆల్బంలో పాడింది. అదే ఏడు బాబ్ మార్లే ఆ కలయిక మీదే ఒక పాట కట్టాడు.

జెబ్దా ఈ వారసత్వాన్నే తీసుకుంది. కానీ ఎక్కడ ఏది వాడాలో తెలిసి వాడింది. రెగేలో బాస్ గిటారు ముందుంటుంది, గిటారు దెబ్బ తాళానికి ఎడంగా పడుతుంది, మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉంటుంది. పంక్ ఆ సందు ఇవ్వదు, రెండు మూడు కార్డ్స్‌తోనే పరిగెత్తుతుంది. ర్యాప్‌లో మాటే వాయిద్యం. జెబ్దా పాటల్లో విషయం చెప్పాల్సిన చోట ర్యాప్, కోపం బయటపడాల్సిన చోట పంక్, జనాన్ని తనలో కలుపుకోవాల్సిన చోట రెగే. వీటి మీద ఉత్తరాఫ్రికా పాటల పోకడ, అకార్డియన్ మోత. అన్నిటికంటే పెద్ద సంగతి యాస. వాళ్లు పారిస్ ఫ్రెంచిలో పాడలేదు, తులూజ్ యాసలో పాడారు. 'మీరు ఎక్కడివాళ్లు' అన్న ప్రశ్నకి పాట నోరు తెరవగానే జవాబు వస్తుంది: ఇక్కడివాళ్లమే, ఈ ఊరివాళ్లమే.

కంపు అన్న మాట

1991 జూన్ 19న ఓర్లెయాన్‌లో తన పార్టీ విందు సభలో జాక్ షిరాక్ మాట్లాడాడు. అప్పటికే రెండుసార్లు ప్రధానిగా చేసినవాడు, పారిస్ మేయరు. పారిస్‌లో వలస కార్మికులుండే గూత్ దోర్ పేటలో కష్టపడి పనిచేసే ఒక ఫ్రెంచి కార్మికుణ్ణి ఊహించమన్నాడు. పక్క వాటాలో ముగ్గురో నలుగురో పెళ్లాలు, ఇరవైమంది పిల్లలున్న ఒక వలస కుటుంబం పనిచెయ్యకుండా ప్రభుత్వ సాయంతో బతుకుతోందన్నాడు. దానికి గోలా, కంపూ కూడా తోడైతే ఆ ఫ్రెంచి కార్మికుడికి పిచ్చెక్కదా అన్నాడు. సభ నవ్వింది, చప్పట్లు కొట్టింది.

ఈ మాటల్లో లెక్కలు, సాయం, చట్టం గురించి వాదించొచ్చు. కానీ ఆ ప్రసంగంలో పనిచేసింది చివరి రెండు మాటలే. కంపుతో వాదించటం కుదరదు. 'నీ దగ్గర వాసనొస్తోంది' అన్నవాడికి రుజువు చూపించాల్సిన పని లేదు. ఆ మాట మనిషి ఒంటికి అంటుకుంటుంది. ఇంటికెళ్లి తన చొక్కా తానే వాసన చూసుకునేలా చేస్తుంది. తోలు పని, పాకీ పని, గొడ్డుమాంసం కూర, వీటన్నిటినీ 'కంపు' అన్న ఒక్క మాటలో చుట్టి మన వాడలని ఊరికి దూరంగా పెట్టిన చరిత్ర తెలిసిన పాఠకుడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఫ్రాన్సులో జాతి, మన దగ్గర కులం ఒకటి కాదు. కులానికి శాస్త్రాల ఆమోదం ఉంది, పుట్టుకతో వచ్చే పని ఉంది, మూడు తరాల్లో ఊరు మారినా వదలని పేరు ఉంది. కానీ మనిషిని వాసనగా కుదించే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

1995లో జెబ్దా రెండో ఆల్బం వచ్చింది. పేరు 'గోలా, కంపూ'. ఆ పేరుతో ఉన్న పాటలో షిరాక్ గొంతునే రికార్డులోంచి తీసి పెట్టారు. అదే ఏడు మే నెలలో షిరాక్ దేశాధ్యక్షుడయ్యాడు. ఆ పాట తిట్టుకి తిట్టు అప్పజెప్పదు. లెక్క అడుగుతుంది. ఈ దేశపు రోడ్లూ ఊళ్లూ ఎవరి శ్రమతో లేచాయని అడుగుతుంది. ఇక్కడ షెర్ఫీ తెలివిగా చేసిన పనేమిటంటే, వాసన గురించి మాట్లాడేవాణ్ణి చెమట దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టాడు. 'మా దగ్గర కంపు లేదు' అని సంజాయిషీ ఇచ్చుకునే పాట అయ్యుంటే అది ఓడిపోయేది. సంజాయిషీ ఇచ్చుకోవటమంటే తిట్టినవాణ్ణి న్యాయమూర్తిగా ఒప్పుకోవటమే.

మర్యాదగా తలుపు వెయ్యటం

1998లో వచ్చిన మూడో ఆల్బంలో ఒక పాట ఉంది. దాని పేరుని తెలుగులో చెప్పాలంటే 'అది కుదరదనుకుంటానండీ'. నైట్‌క్లబ్బు గుమ్మం దగ్గర కాపలావాడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు ఇట్లాంటి మాటతోనే తలుపేస్తారు. ఎవరూ తిట్టరు. అంతా మర్యాదే. నా ఉద్దేశంలో జెబ్దా రాసిన పాటల్లో రాజకీయంగా పదునైనది ఇదే. షిరాక్ ప్రసంగం బయటపడ్డ ద్వేషం, దాన్ని పట్టుకోవటం తేలిక. 'కుదరదండీ' అన్నమాటని ఏ కోర్టులో పట్టుకుంటాం? మన నగరాల్లో ఇల్లు అద్దెకడిగితే 'మీరేమిట్లు?' అని అడిగి, జవాబు విన్నాక 'నిన్ననే వేరేవాళ్లకి మాటిచ్చామండీ' అంటారు. అదే మర్యాద.

ఫ్రెంచి రాజ్యాంగం మొదటి అధికరణంలోనే పుట్టుక తేడా లేకుండా పౌరులంతా సమానమని ఉంది. జనాభా లెక్కల్లో జాతి రాయరు. వినటానికి గొప్పగా ఉంటుంది. కానీ రాజ్యం చూడనంటున్న రంగుని కాపలావాడు చూస్తాడు, పోలీసు చూస్తాడు. లెక్క లేదు కాబట్టి ఫలానా మందికి అన్యాయం జరిగిందని చూపించటం కష్టం. 'ఈ రోజుల్లో కులమెక్కడుందండీ' అనేవాళ్లకి ఇష్టమయ్యే దేశం అది. రిజర్వేషన్లు వచ్చినప్పుడే వాళ్లకి కులం కనిపిస్తుంది, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కనిపించదు.

చొక్కా విప్పిన వేసవి

అదే ఆల్బంలో 'చొక్కా విప్పేయ్' అన్న అర్థమొచ్చే పేరుతో ఇంకో పాట ఉంది. రాత్రి విందులో చెమటలు పట్టేదాకా ఎగిరే పాట. 1999 వేసవిలో అది ఫ్రాన్సులో అమ్మకాల్లో మొదటి స్థానానికెళ్లింది. 2000లో సంగీత రంగంలో ఇచ్చే 'విక్తువార్' బహుమతుల్లో ఆ ఏటి పాటగా అదీ, ఆ ఏటి బృందంగా జెబ్దా గెలిచాయి. పెళ్లిళ్లు, సెలవు శిబిరాలు, ఫుట్‌బాల్ మైదానాలు, ఎక్కడ చూసినా ఆ పాటే.

ఇది ఏ సమయంలో జరిగిందో చూడాలి. 1998 జులై 12న ఫ్రాన్సు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచింది. ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన జినదీన్ జిదాన్ మార్సెయ్ వలస కాలనీలో పెరిగిన కబీలీ కుటుంబం బిడ్డ. నల్ల, తెల్ల, బ్యోర్ కలిసిన కొత్త ఫ్రాన్సు వచ్చేసిందని పత్రికలు రాశాయి. ఆ డిసెంబరు 13న, జెబ్దా సొంత నగరం తులూజ్‌లోనే, మిరాయ్ కాలనీలో పదిహేడేళ్ల కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. కాలనీ రోజుల తరబడి తగలబడింది. ఆ తర్వాతి వేసవిలో దేశం జెబ్దా పాటకి చొక్కాలు విప్పింది. గోల్ కొట్టినా పాట పాడినా కలుపుకుంటారు. కాలనీలోకి తిరిగొస్తే మళ్లీ అనుమానితుడే.

అమ్ముడుపోయారు అని కొందరు తేల్చేస్తారు. ఆ తీర్పు నేను ఒప్పుకోను. పేదవాడు ఎప్పుడూ ఏడుపు పాటే పాడాలని, ఆనందం పాడితే ఉద్యమద్రోహమని అనటం పైనుంచి చూసేవాళ్ల అలవాటు. ఎగిరే హక్కు కూడా హక్కే. పైగా అదే ఆల్బంలో 'కుదరదండీ' పాట కూడా ఉంది. కొన్నవాళ్లందరి ఇళ్లలోకీ రెండూ కలిసే వెళ్లాయి. ఒకటి ఎత్తుకుని ఇంకోటి వదిలేసింది విన్నవాళ్లే. ఆధిపత్య సమాజానికున్న శక్తి నిషేధించటంలో కంటే ఏరుకోవటంలో ఎక్కువ ఉంది. నిషేధిస్తే పాటకి బలం పెరుగుతుంది. ఏరుకుంటే పాట రెండు ముక్కలవుతుంది.

పాట నుంచి ఓటు దాకా

జెబ్దా కేవలం పాటని నమ్ముకుని కూర్చోలేదు. 1997లో 'మొతివే' పేరుతో పోరాట పాటల ఆల్బం ఒకటి వచ్చింది, ఒక వామపక్ష పార్టీ కూడా అందులో తోడుంది. ఇటలీ, క్యూబా పాటలు అందులో ఉన్నాయి. ముఖ్యమైంది, నాజీల మీద పోరాడిన ఫ్రెంచి ప్రతిఘటన దళాల గీతాన్ని రెగే దరువులోకి మార్చి పాడటం. జాతీయ గీతం తర్వాత అంతటి పవిత్రత ఉన్న పాట అది. నాజీలు ఓడిపోయిన 1945 మే 8నే అల్జీరియాలోని సెతీఫ్‌లో స్వాతంత్ర్యం అడిగిన జనం మీద ఫ్రెంచి బలగాలు కాల్పులు మొదలెట్టాయి, ఆ ఊచకోతలో వేలమంది చనిపోయారు. ఆ జనం మనవలు ఆ గీతాన్ని పాడితే అర్థం మారిపోతుంది. 'స్వేచ్ఛ కోసం పోరాడటం గొప్పదని మీరే నేర్పారు, ఇదిగో మేమూ నేర్చుకున్నాం' అన్నట్టుంటుంది.

అదే కాలంలో 'తాక్తికొలెక్తిఫ్' అనే సంఘం పెట్టుకుని తులూజ్ పేటల్లో పనిచేశారు. 2001 నగరపాలక ఎన్నికల్లో ఈ చుట్టుపక్కల మనుషులే 'మొతివే' పేరుతో ఒక జాబితా నిలబెట్టారు. దాని ముందున్నది మూస్, హకీమ్‌ల అన్నదమ్ముడు సలా అమోక్రాన్. మొదటి విడతలో 12 శాతం పైగా ఓట్లొచ్చాయి. రెండో విడతలో వామపక్ష కూటమితో కలిశారు. కూటమి ఓడింది, మితవాదుల అభ్యర్థి ఫిలిప్ దూస్త్-బ్లాజీ మేయరయ్యాడు. మొతివేకి నగర సభలో నాలుగు సీట్లు దక్కాయి.

ఆ నాలుగు సీట్లని తక్కువ చేసి చూడకూడదు. అప్పటిదాకా పాలకులకి ఫిర్యాదు పత్రాలు ఇచ్చుకున్నవాళ్లు సభలో కూర్చున్నారు. అయితే దేశం మొత్తం పాడిన పాట సొంత ఊళ్లో కూడా అధికారం తేలేదన్నది వాస్తవం. ఏడాది దాటిన కొద్ది రోజులకే, 2002 ఏప్రిల్ 21న, వలసదారుల ద్వేషాన్నే రాజకీయంగా చేసుకున్న జాన్-మరీ లె పెన్ అధ్యక్ష ఎన్నికల్లో రెండో స్థానంలోకొచ్చాడు. రెండో విడతలో అతన్ని ఆపటానికి వామపక్షాలు ఓటెయ్యాల్సొచ్చింది ఎవరికి? కంపు మాట అన్న షిరాక్‌కే. ఆ ఏడు జెబ్దా నాలుగో ఆల్బం తెచ్చింది, 2003లో విడిపోయింది. 2005 శరదృతువులో శివారు కాలనీలు మూడు వారాలు మండాయి. షిరాక్ ప్రభుత్వం అల్జీరియా యుద్ధం కోసం చేసిన 1955 నాటి అత్యవసర చట్టాన్ని బయటికి తీసింది.

విడిపోయాక ఎవరు ఏం చేశారన్నది కూడా మనకి పాఠమే. మూస్, హకీమ్‌లు 2007లో తమ తండ్రుల తరం వలస కార్మికులు కాఫీ హోటళ్లలో విన్న పాటల్ని వెతికి పాడారు, స్లిమాన్ అజెమ్ లాంటి కబీలీ కవిగాయకుల పాటలు వాటిలో ఉన్నాయి. ఫ్రెంచి నోటితో ఫ్రాన్సుని నిలదీసినవాళ్లు తిరిగి తండ్రుల నోటి దగ్గరికెళ్లారు. తర్వాత బృందం మళ్లీ కలిసింది. 2012లో, 2014లో ఆల్బంలు వచ్చాయి.

చదువుకున్నవాడు, చదవనివ్వని ఆడపిల్ల

షెర్ఫీ పుస్తకాల వైపు నడిచాడు. 2016లో వచ్చిన అతని ఆత్మకథాత్మక పుస్తకం ఫ్రాన్సులో పెద్ద సాహిత్య బహుమతైన గోంకూర్ మొదటి జాబితాలోకి ఎక్కింది. 1981లో తన కాలనీలో మొదటిసారి బాకలోరియా పరీక్ష గట్టెక్కటం ఆ పుస్తకం కథ. పుస్తకం పట్టుకున్నందుకు తోటి కుర్రాళ్లు అతన్ని తంతారు, 'వాళ్లలో కలిసిపోతున్నావు' అంటారు. తల్లి మాత్రం కొడుకు చదువుని పట్టుకుని వదలదు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటివాళ్లకి ఈ రెండు వైపుల దెబ్బ తెలుసు. వాడలో 'దొరబాబయ్యాడు' అంటారు, డిపార్ట్‌మెంట్‌లో 'కోటా సీటు' అంటారు.

ఆ పుస్తకంలో ఇంకో నిజం ఉంది. చదువుకోవాలనుకున్నందుకు కాలనీలో ఆడపిల్లలు ఇంట్లోనే దెబ్బలు తిన్నారు. షెర్ఫీ దీన్ని దాచలేదు. కానీ ఇది అతని పుస్తకంలోకి వచ్చినంతగా బృందం వేదిక మీదికి రాలేదు. జెబ్దా ఏడుగురూ మగవాళ్లే. షిరాక్ మాటల్లో మొదట అవమానపడ్డది 'ముగ్గురు నలుగురు పెళ్లాలు' అనిపించుకున్న ఆడవాళ్లు. ఆ ఆడవాళ్లు తమ గొంతుతో పాడే చోటు ఆ బృందంలో లేదు. అవమానానికి బదులు చెప్పేటప్పుడు కూడా ఇంటి మగపిల్లాడే ముందు నిలబడటం మన ఉద్యమాలు కూడా ఇంకా తేల్చుకోని బాకీ.

మనం తీసుకోవాల్సింది

డప్పు ఇప్పుడు ప్రభుత్వ ఊరేగింపుల్లో ముందు నడుస్తోంది. సినిమాల్లో మోగుతోంది, కాలేజీ వార్షికోత్సవాల్లో మోగుతోంది. ఒకప్పుడు చావుకీ చాటింపుకీ తప్ప రానివ్వని డప్పు ఇంత దూరం రావటం పోరాటం వల్లే. అయితే ఊరేగింపులో డప్పు ఉంటుంది, డప్పు కొట్టినవాడి వాడలో భూమి ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్న ఉండదు. జెబ్దాకి జరిగిందీ ఇదే. కాబట్టి మన పాటని వాళ్లు పాడుతున్నారని మురిసిపోవటం గానీ, పాడనివ్వకూడదని కాపలా కాయటం గానీ సరైన దారి కాదు. వాళ్లు ఏ చరణం పాడుతున్నారు, ఏ చరణం మింగేస్తున్నారు అన్నది ప్రతిసారీ అడగాలి. విమర్శకుడి పని అదే.

అంబేద్కర్ చదువునీ, సంఘటితం కావటాన్నీ, పోరాడటాన్నీ విడదీసి చెప్పలేదు. జెబ్దా పాట పోరాడింది, కొంతవరకు చదువు చెప్పింది. సంఘం పెట్టుకున్న నాలుగేళ్లలో నాలుగు సీట్లు తెచ్చింది. దేశమంతా ఎగిరిన వేసవి వాళ్లకి బహుమతులిచ్చింది, పేటల్లో తిరిగిన నాలుగేళ్లు నాలుగు సీట్లిచ్చాయి. ఈ రెండిట్లో ఏది నిలిచే లాభమో మన కళాకారులూ, మన సంఘాలూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి.